పక్క స్థలంలో తవ్వకం, మీ గోడలో పగుళ్లు

పక్కన అపార్ట్‌మెంట్ సెల్లార్ కోసం తవ్వడం మొదలయ్యాక మీ గోడలు పగిలాయని, బిల్డరేమో అవి పాతవే అంటున్నారని రాశారు కదండీ. ఆ వాదన పక్కన పెట్టి, ముందు పగులు పెరుగుతోందో లేదో తేల్చుకోండి. దాని రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో సన్నటి అడ్డగీత గీసి తేదీ వేయండి. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి, వారానికోసారి అదే చోటి నుంచి మళ్లీ తీయండి. పగులు గీత దాటి పాకిందంటే కదలిక ఇంకా ఆగలేదన్నమాటే.

ప్లాస్టర్ మీద వెంట్రుకవాసి గీతలకు సాధారణంగా టెన్షన్ అక్కర్లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా, ఇటుకల సందుల వెంట మెట్లు మెట్లుగా దిగే పగులు, ఉన్నట్టుండి బిగుసుకుపోయే తలుపు మాత్రం పునాది ఒకవైపు కుంగుతోందేమోనని అనుమానించాల్సినవి. గోతిలోంచి రాత్రీపగలూ నీళ్లు తోడుతున్నారా? అదీ చూడండి, చాలామంది పట్టించుకోరు. భూగర్భ జలం దిగిపోతే మెత్తటి మట్టి అణిగిపోతుంది. గోతి అంచుకు ఆసరా గోడ కట్టినా ఈ బెడద ఉండొచ్చు.

స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను మీరే పెట్టుకుని (బిల్డర్ పంపిన మనిషి వద్దు) రిపోర్టు రాయించండి. ఆ కాపీ జతచేసి బిల్డర్‌కూ, నిర్మాణానికి అనుమతిచ్చిన కార్యాలయానికీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. పగులు రోజురోజుకీ వెడల్పవుతుంటే మాత్రం రిపోర్టు కోసం ఆగకుండా ఇల్లు ఖాళీ చేయండి. ఇంజనీర్ చూసేదాకా పుట్టీ పూయించకండి, ఉన్న సాక్ష్యం కాస్తా దాని కింద కప్పబడిపోతుంది.