హాస్టల్ పిల్లాడి ఒంటి మీద దెబ్బలు: చెబితే మా అమ్మాయి కోర్సు ఏమవుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి స్పెషల్ ఎడ్యుకేషన్‌ డిప్లొమా రెండో సంవత్సరం చదువుతోంది. ప్రాక్టీస్ కోసం మానసిక దివ్యాంగ పిల్లలుండే హాస్టల్ స్కూలుకి వెళ్తోంది. అక్కడ పన్నెండేళ్ల బాబు జబ్బ లోపలివైపు, చెవి వెనక కమిలిన మచ్చలు చూసిందట. బాబుకి మాటలు రావు. అడిగితే 'బాత్రూంలో పడ్డాడు' అన్నారట. గొడవైతే ప్రాక్టికల్ మార్కులు పోతాయని ఊరుకోమన్నాను. తను మాత్రం అన్నం కూడా సరిగా తినడం లేదు. ఏం చేయమంటారు?
ఒక తండ్రి, నల్గొండ జిల్లా

జవాబు: ముందు ఆ 'ఊరుకో' అన్న మాట వెనక్కి తీసుకోండి సార్. మీ అమ్మాయి ఎంచుకున్న వృత్తిలో పాఠం చెప్పడం ఎంత పనో, ఇలాంటివి గమనించి, రాసి, పైవాళ్లకు చెప్పడమూ అంతే పని.

పడ్డాడన్నది అబద్ధమే అనుకోనక్కర్లేదు. మూర్ఛలున్న పిల్లలు పడుతుంటారు, కొందరు తలను గోడకేసి కొట్టుకుంటారు, తమ చేతిని తామే కొరుక్కుంటారు. కానీ పడితే మామూలుగా దెబ్బ తగిలేది మోకాలికో, మోచేతికో, నుదుటికో. చెవి వెనక, జబ్బ లోపల కమిలితే అనుమానించాల్సిందే. ఎవరు చేశారో తేల్చడం మీ అమ్మాయి పని కాదు. చెప్పడానికి అనుమానం చాలు.

ఈ రోజే కూర్చుని రాయమనండి. తేదీ, టైము, మచ్చ ఎక్కడ, ఎంత, ఏ రంగు, అడిగితే ఎవరు ఏమన్నారు, అదీ వాళ్ల మాటల్లోనే. 'వార్డెన్ కొట్టాడు' అని రాయకూడదు, తను చూడలేదు కదా. 'ఎడమ జబ్బ లోపల రూపాయి బిళ్లంత నల్లటి మచ్చలు రెండు' అని రాస్తే అది నిలబడుతుంది. ఫలానా మనిషి రాగానే బాబు బల్ల కిందకి దూరుతుంటే అదీ రాయాలి. మాటలు రాని పిల్లలు చెప్పేది అలాగే. పిల్లల ప్రవర్తనను చూసింది చూసినట్టు రాయడం తన కోర్సులో నేర్పేదే, మార్కుల కోసమే అనుకుని చాలామంది మర్చిపోతారు. ఫోటో తీసి ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం మాత్రం వద్దే వద్దు.

బాబుని డాక్టరుకి చూపించమని అడిగి, రాసిన కాగితం అదే రోజు స్కూలు ప్రిన్సిపాల్‌కీ, తన కాలేజీ కోఆర్డినేటర్‌కీ ఇవ్వాలి. అందినట్టు సంతకం తీసుకోవాలి, లేదా మెయిల్ పెట్టాలి. వాళ్లు కదలకపోతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. ప్రాణాపాయం అనిపిస్తే నేరుగా 112. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోని 7వ సెక్షన్ ప్రకారం, వేధింపు జరుగుతోందని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కి, అంటే మామూలుగా తహసీల్దారుకో ఆర్డీవోకో చెప్పవచ్చు. ఆయన వెంటనే చర్య తీసుకోవాలి. అదే లైంగిక వేధింపు అనుమానమైతే 'చెప్పవచ్చు' కాదు, పోక్సో 19వ సెక్షన్ కింద చెప్పి తీరాలి. దాచిపెడితే ఆరు నెలల దాకా జైలు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద సివిల్ కేసుగానీ, క్రిమినల్ కేసుగానీ నిలవదని అదే సెక్షన్ చెబుతుంది.

ఇక మార్కులు. హాస్టల్ వాళ్లు ముఖం మాడ్చుకోరని నేను హామీ ఇవ్వలేను. కోఆర్డినేటర్‌కి మొదటి రోజే తెలియాలన్నది అందుకే. ప్రాక్టీస్‌కి వేరే స్కూలు ఇమ్మని కూడా తను రాసి అడగవచ్చు. పాసయ్యాక రిజిస్ట్రేషన్ ఇచ్చేది రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, ఆ హాస్టల్ కాదు. నా లెక్కలో ఎక్కువ ప్రమాదం నోరు మూసుకోవడంలోనే ఉంది. రేపు విషయం బయటపడితే 'చూసి కూడా చెప్పలేదు' అన్న మాట తన పేరు పక్కన ఉండిపోతుంది.

పైగా రేపు దివ్యాంగ పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో రిసోర్స్ టీచర్‌గా చేరితే, ఫిజియోథెరపీ కోసం చొక్కా విప్పిన పిల్లాడి వీపు మీద వాతను మొదట చూసేది తనే కావచ్చు. అప్పుడు అనుమానం ఇంట్లోవాళ్ల మీదకే వెళ్లవచ్చు, అది ఇంకా కష్టం. ఈ అలవాటు ఇప్పుడే పడటం మంచిది.

ఉద్యోగానికి వెళ్లినప్పుడు కూడా, ప్రైవేటు సంస్థ అయితే దివ్యాంగుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, రాత్రి ఎంతమంది పిల్లలకు ఎంతమంది ఆయాలు, గాయాల రిజిస్టర్ ఉందా అని అడగమనండి. చూపించడానికి నీళ్లు నమిలే చోట చేరొద్దు. అన్ని గాయాలకూ 'పడ్డాడు' అనే రాసి ఉంటే అక్కడా వద్దు.