‘నేను క్రీస్తు, నువ్వు సంఘం’ అనే భర్తతో ఎలా?

ప్రశ్న: మాది కాజీపేట. ప్రైవేటు హాస్పిటల్లో నర్సును. మా ఆయన ఇంట్లో ప్రార్థన కూటం నడుపుతాడు. నా ఏటీఎం కార్డు ఆయన దగ్గరే. తల్లిగారింటికి పోవాలన్నా ఒప్పుకోడు. ఎదురు మాట్లాడితే ‘నేను క్రీస్తు, నువ్వు సంఘం, లోబడి ఉండు’ అంటాడు. రెండుసార్లు కొట్టాడు. పాస్టరు గారేమో ఓర్చుకోమంటున్నారు. నేను దేవుని మాటకే ఎదురు తిరుగుతున్నానా?

జవాబు: లేదమ్మా. ముందు ఆ భయం తీసెయ్యండి.

మీ ఆయన ఎత్తి చూపేది బైబిల్లో పౌలు రాసిన ఎఫెసీ పత్రిక 5:22, భార్యలు భర్తలకు లోబడమనే మాట. దానికి ముందున్న 21వ వచనం ఒకరికొకరు లోబడమని అందరికీ చెబుతుంది. 22 నుంచి 24 వరకు భార్యలకు. 25 నుంచి భర్తలకు. పౌలు ఎక్కువసేపు ఆగింది అక్కడే. క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నాడు, భర్త ప్రేమ అలా ఉండాలి అంటాడు. 29లో తన శరీరాన్ని ఎవడూ ద్వేషించడు, పోషించుకుంటాడు అంటాడు. కొట్టే చెయ్యికి, జీతం లాక్కునే చెయ్యికి ఇందులో చోటెక్కడిది? క్రీస్తు శిష్యుల కాళ్లు కడిగాడు, ఎవరి కష్టార్జితమూ గుంజుకోలేదు.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. ప్రకటన 19, 21 అధ్యాయాల్లో గొఱ్ఱెపిల్ల అంటే క్రీస్తు, ఆయన పెండ్లికుమార్తె అంటే విశ్వాసులందరూ. అందులో మగవాళ్లూ ఉన్నారు. అంటే మీ ఆయన కూడా పెండ్లికుమార్తెలో భాగమే, పెండ్లికుమారుడు కాదు. హోషేయ, యెహెజ్కేలు 16 చూపించి దేవుడు కూడా భార్యను శిక్షించాడు కదా అంటే, అది భార్యతో పోల్చిన ఇశ్రాయేలు జనాంగం మీద ప్రవక్తలు పలికిన తీర్పు. ఏ భర్తకూ ఇచ్చిన అధికారం కాదు. ప్రార్థన కూటం నడిపే మనిషికి 1 పేతురు 3:7 గుర్తుండాలి: భార్యను సన్మానించకపోతే ప్రార్థనకే అడ్డు.

అయితే ఇవన్నీ గొడవ మధ్యలో చెప్పకండి. కోపంలో ఉన్నవాడికి వచనం అప్పజెబితే ఇంకో దెబ్బే పడుతుంది.

మీ జీతం ఆయన చేతికి పోకుండా ఆపే ముందు ఉండడానికి చోటు చూసుకోండి, ఎందుకంటే జీతం ఆగిన రోజే కోపం ఎక్కువ ఉంటుంది. ఆధార్, నర్సింగ్ సర్టిఫికెట్లు, చర్చి పెళ్లి సర్టిఫికెట్ తల్లిగారింటికి చేర్చండి. తర్వాత వేరే బ్యాంకులో మీ పేరున ఖాతా తెరవండి. దానికి మీ ఫోన్ నంబరే ఇవ్వండి. ఓటీపీ ఆయన ఫోన్‌కి పోతే ఖాతా మార్చినా ఫలితం లేదు. హాస్పిటల్ ఆఫీసులో కొత్త ఖాతా వివరాలు రాసివ్వండి.

మళ్లీ కొడితే అదే రోజు వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లి, ఎవరు కొట్టారో చెప్పి, గాయాలు రాయించండి. సిగ్గుపడి జారిపడ్డాను అంటే రికార్డులో అదే మిగులుతుంది. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికి దారి చూపిస్తారు. 2005 గృహ హింస చట్టం ఏ మతం వారికైనా వర్తిస్తుంది, డబ్బు లాక్కోవడమూ అందులో హింసే. ముందు కోర్టులో రక్షణ ఉత్తర్వు అడగవచ్చు, ఆ ఇంట్లోనే ఉండే హక్కూ ఉంది.

పాస్టరు గారి దగ్గరికి ఒక్కరే వెళ్లకండి. మీ అన్ననో, సంఘ పెద్దనో వెంట తీసుకుపోండి, పాస్టరమ్మను కూర్చోమనండి. ‘ఇంట్లో గొడవలు’ అనకుండా ఏ తారీఖున ఎక్కడ కొట్టాడో చెప్పండి. అప్పుడూ ఓర్చుకోమంటే ఆ సలహా వదిలేసి 181కి చేయండి.