పాత కారుకు ఏ క్లచ్ వేయించాలి?

ప్రశ్న: మాది 2002 నాటి హోండా సిటీ వీటెక్. నాలుగో గేరులో ఎక్సలరేటర్ తొక్కితే ఇంజిన్ మోత పెరుగుతోంది కానీ బండి వేగం అందుకోవడం లేదు. మెకానిక్ కంపెనీ క్లచ్ చాలంటున్నారు; మా అబ్బాయి రేసింగ్ సిరామిక్ క్లచ్ తెప్పిద్దామంటున్నాడు. ఏది మేలు?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: మీరు చెప్పినది క్లచ్ జారుతున్న లక్షణమే; అంటే ఇంజిన్ తిప్పే బలాన్ని క్లచ్ ప్లేటు గట్టిగా పట్టుకుని గేర్లకు అందించలేకపోతోంది. మీ ఇంజిన్ శక్తి సుమారు 106 హార్స్‌పవర్. దానికి మార్పులేవీ చేయించకపోతే మెకానిక్ చెప్పిన కంపెనీ క్లచ్‌లో ఉండే మామూలు ఆర్గానిక్ ప్లేటే (నారలు, జిగురు కలిపి చేసిన పట్టు పొర ఉన్నది) సరిపోతుంది. సిరామిక్ ప్లేటు ఎక్కువ వేడిని తట్టుకుంటుంది గాని మెత్తగా పట్టుకోదు, ఒక్కసారిగా కరుచుకుంటుంది. కోతల రోజుల్లో కాలువగట్టు మీద గడ్డి ట్రాక్టరు వెనకాల ఆగుతూ కదులుతూ వెళ్లేవారికి దానివల్ల కుదుపులే మిగులుతాయి. అబ్బాయి సరదా కాదనలేం గాని, చించినాడ వంతెన రేస్ ట్రాక్ కాదు కదా!

ఏ ప్లేటు అన్నదానికంటే, గేర్‌బాక్స్ దించిన రోజున ఇంకేం చూస్తారన్నదే ముఖ్యం. ఆ శ్రమ, కూలి రెండుసార్లు పడకుండా క్లచ్ ప్లేటు, దాన్ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు, పెడల్ తొక్కినప్పుడు ఆ పట్టు వదిలించే రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్పించండి. మీరే దగ్గరుండి ఫ్లైవీల్ (ఇంజిన్‌తో పాటు తిరిగే, క్లచ్ ప్లేటు ఆనుకునే బరువైన చక్రం) ముఖాన్ని చూడండి: నీలి మచ్చలో, సన్నని పగుళ్లో కనిపిస్తే సాన పట్టించాలో, మార్చాలో లేత్ పనివారికి చూపించి తేల్చుకోవాలి. పాత ప్లేటు నూనెతో తడిసి ఉంటే క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) వెనుక నూనె బయటికి రాకుండా ఆపే ఆయిల్ సీల్ కారుతోందేమో చూడాలి. దాన్ని వదిలేస్తే కొత్త ప్లేటూ జారుతుంది.

బిగించాక మొదటి 500 కిలోమీటర్లు గట్టిగా తొక్కకుండా నడపండి.