మనకే ఇబ్బందిగా ఉన్నప్పుడు పక్కవాళ్లకు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది బెంగళూరు, కె.ఆర్.పురం. మావారి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. చర్చిలో ఎవరికీ చెప్పుకోలేదు. రాత్రి రెండింటికి లేచి ఫోన్‌లో అద్దె, స్కూలు ఫీజు, ఈఎంఐ కూడుకుంటూ కూర్చుంటున్నాను. మా వీధి చివర కడుతున్న అపార్ట్‌మెంట్ దగ్గర రేకుల షెడ్డులో నారాయణపేట వైపు నుంచి వచ్చిన కుటుంబం ఉంది. ఇద్దరు పసిపిల్లలు. మొన్న బియ్యం ఇస్తే ఆ తల్లి సగం తీసి డబ్బాలో దాచి, మిగతాదే వండింది. ఇలా ఇవ్వడం మావారికి ఇష్టం లేదు. "మనకే గతి లేదు" అంటున్నారు. ఇంత టెన్షన్ పడటం అవిశ్వాసమని ప్రార్థన కూటంలో ఒకామె అంది. నిజమేనా?

జవాబు: అమ్మా, ఆవిడ మాట మనసులోంచి తీసేయండి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువే తల్లడిల్లాడు. తనతో మెలకువగా ఉండమని శిష్యులను అడిగాడు. ఆయనది అవిశ్వాసం అనగలమా?

"ఏనాటికీడు ఆనాటికి చాలును" అన్నాడాయన. కష్టమే లేదనలేదు, రేపటి కష్టాన్ని కూడా ఈ రాత్రే మోయవద్దన్నాడు. కాబట్టి లెక్కలు మానక్కర్లేదు, వేళ మార్చండి. వారానికోసారి పగటిపూట ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకోండి. రాత్రి ఫోన్ వేరే గదిలో పెట్టండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది "ఎవరికీ చెప్పుకోలేదు" అన్న మాట. చేయి చాచి ఇవ్వగలుగుతున్నారు, అడగలేకపోతున్నారు. దేని గురించీ చింతపడవద్దని అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు రాసిన 4వ అధ్యాయం చివరిదాకా చదవండి. తన ఇబ్బందిలో వాళ్లు పంపిన సాయం ఎపఫ్రొదితు చేతుల మీదుగా అందిందని అక్కడే రాశాడు, అదీ బంధకాల్లో, అంటే ఖైదులో ఉండి. తీసుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు. అపొస్తలుల కార్యములు 6లో రోజువారీ భోజనం పంపకంలో కొందరు విధవరాళ్లకు అన్యాయం జరిగినప్పుడు కూడా "మీకు విశ్వాసం చాలదు" అని ఎవరూ అనలేదు. ఆ పని చూడటానికి ఏడుగురిని ఏర్పాటు చేశారు. మీ సంఘానికి ఆ అవకాశం ఇవ్వండి. ముందు మీవారితో మాట్లాడి, ఆయన ఒప్పుకున్నాక పాస్టరుగారికీ, మీరు నమ్మే ఒకరిద్దరికీ విషయం చెప్పండి. మీవారికి తగిన ఉద్యోగం గురించి ఎవరి చెవిన పడినా మేలే.

ఇక మీవారి కోపం. అది పిసినారితనమని నాకనిపించడం లేదు. ఇల్లు నడపలేకపోతున్నానన్న భయం అలా బయటికొస్తోంది. ఆయనకు తెలియకుండా మాత్రం ఇవ్వకండి. కలిమి కొలదే ఇవ్వమన్నాడు పౌలు, శక్తికి మించి కాదు. నెలకు ఎంత ఇవ్వగలరో ఇద్దరూ కలిసి అనుకోండి. రెండు కిలోలైనా సరే, ఒక్క కిలో అయినా సరే. చలికి వణికేవాణ్ణి, ఆకలితో ఉన్నవాణ్ణి మంచి మాటలు చెప్పి పంపేస్తే ఏం ప్రయోజనమని యాకోబు అడిగాడు కదా, అందుకని పూర్తిగా మానమని నేను చెప్పను.

పైగా ఆ కుటుంబానికి మీ బియ్యం కన్నా పెద్ద సాయం మీరు చేయగలరు, దానికి రూపాయి ఖర్చు లేదు. వాళ్ల సొంతూళ్లో రేషన్ కార్డుందేమో అడగండి. అది జాతీయ ఆహార భద్రతా చట్టం కిందిదైతే, ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకం ప్రకారం ఇక్కడి న్యాయబెలె అంగడి (రేషన్ దుకాణం)లోనే వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. సాధారణంగా మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం. వాళ్లకు కన్నడం రాకపోతే దుకాణందారు ఒక్క మాటతో తిప్పి పంపేస్తాడు. మీరు వెంట వెళ్లండి. పిల్లలు ఆరేళ్లలోపు వాళ్లయితే దగ్గర్లోని అంగన్‌వాడీలో పేరు రాయించండి. ఖాళీగా ఉన్న మీవారిని కూడా తోడు తీసుకెళ్లండి. ఆయన చేతికీ ఒక పని దొరుకుతుంది.

ఇంత చేసినా నిద్ర పట్టకపోతే, గుండెదడ, ఆయాసం లాంటివి వస్తుంటే డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉచిత నంబరు 14416కి రాత్రి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. మందు వాడాల్సి వస్తే వాడండి, ప్రార్థన చేసుకుంటూనే వాడండి.