ఇటలీ చదువుకు ఫ్లాటు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మేం ఉప్పల్‌లో ఉంటాం. మా వారి జీతం నెలకు 85 వేలు, ఖర్చులన్నీ పోను 18 వేలు మిగులుతాయి. ఎఫ్‌డీలు 11 లక్షలు, మ్యూచువల్ ఫండ్లలో 6 లక్షలు ఉన్నాయి. వెయ్యి చదరపు అడుగుల సొంత ఫ్లాటు ఉంది, దాని మీద అప్పు లేదు. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం హెచ్‌ఈసీ, బాబు ఎనిమిదో తరగతి. ఇటాలియన్ భాష, సాహిత్యం ఇటలీ వెళ్లి డిగ్రీలోనే చదువుతానని అమ్మాయి పట్టుబడుతోంది. ఒక కన్సల్టెన్సీ 2 లక్షలు ఫీజు అడుగుతోంది. స్కాలర్‌షిప్ గ్యారంటీ, ఫ్లాటు మీద 25 లక్షల లోన్ తీసుకోండి అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఫ్లాటు జోలికి పోవద్దండీ. అమ్మాయి ఇష్టాన్ని మాత్రం కాదనకండి. ఆ చదువు మీకున్న డబ్బుతోనే సాధ్యం. వెళ్లే సమయం మార్చుకుంటే చాలు.

ముందు ఫీజు సంగతి. ఇటలీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు చాలాచోట్ల కుటుంబం ఆర్థిక స్థితిని బట్టి ఉంటుంది. దాన్ని కొలిచే సంఖ్యను అక్కడ 'ఇసే' అంటారు, విదేశీ కుటుంబాలకైతే 'ఇసే పరిఫికాతో'. ఏడాది ఆదాయానికి ఆస్తిలో 20 శాతం కలిపి, కుటుంబ సభ్యుల సంఖ్యను బట్టి ఒక గుణకంతో భాగిస్తారు. నలుగురికి ఆ గుణకం 2.46. మీ లెక్క వేసి చూద్దాం. యూరోను 110 రూపాయలు అనుకుంటే మీ వారి 10.2 లక్షల జీతం 9,270 యూరోలు. విదేశాల్లోని ఇంటికి మార్కెట్ ధర చూడరు, చదరపు మీటరుకు 500 యూరోలు కడతారు. మీ ఫ్లాటు 93 చదరపు మీటర్లు, అంటే 46,500 యూరోలు, అందులో 20 శాతం 9,300. బ్యాంకు, ఫండ్లు కలిపి 17 లక్షలు, అంటే 15,450 యూరోలు, అందులో 20 శాతం 3,090. మొత్తం 21,660ని 2.46తో భాగిస్తే 8,800 వస్తుంది. మారకపు రేటును బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది, అంతే. 22,000 లోపు ఇసే ఉన్నవాళ్లకు ట్యూషన్ ఫీజు ఉండకూడదన్నది అక్కడి సాధారణ నియమం. ప్రాంతీయ పన్ను 140 యూరోలు, స్టాంపు 16 యూరోలు కడితే సరిపోతుంది. కొన్ని యూనివర్సిటీలు విదేశీ విద్యార్థులకు దేశాన్ని బట్టి ఫిక్స్‌డ్ ఫీజు పెడతాయి కాబట్టి ఎంచుకున్న చోటి నోటిఫికేషన్ పూర్తిగా చదవాలి. రెండో ఏడాది నుంచి ఫీజు మాఫీ కావాలంటే కొన్ని క్రెడిట్లు (పరీక్షలు పాసైతే వచ్చే పాయింట్లు) కూడా పూర్తయి ఉండాలి.

కాబట్టి మీ డబ్బు పోయేది ఫీజుకు కాదు, బతకడానికి. వీసాకు 2024-25లో నెలకు 534.41, ఏడాదికి (13 నెలల లెక్కన) 6,947.33 యూరోలు చూపించమన్నారు. అది కనీసం మాత్రమే. పెరూజా, సియెనా లాంటి చిన్న ఊళ్లలో షేరింగ్ ఫ్లాట్‌లో గది తీసుకుని ఇంట్లో వండుకున్నా నెలకు 750 వేసుకోండి. బొలోన్యా, మిలాన్ అయితే వెయ్యికి తగ్గదు. 750 చొప్పున ఏడాదికి 9,000 యూరోలు, అంటే 9.9 లక్షలు. మొదటి ఏడాది అదనంగా విమానం టికెట్, అనువాదాలు, అపోస్టిల్ (పత్రాల మీద ప్రభుత్వ ధ్రువీకరణ), వీసా కలిపి లక్షా పదివేలు, మూడు నెలల అద్దె డిపాజిట్ లక్షా పదిహేను వేలు అవుతుంది. ప్రభుత్వ ఆరోగ్య సేవలో చేరడానికి విద్యార్థులకు ఏడాదికి 700 యూరోలు (2023 వరకు ఇది 150 లోపే ఉండేది, పాత బడ్జెట్లు చూపించేవాళ్లు దీన్ని మర్చిపోతున్నారు), నివాస అనుమతి పత్రానికి సుమారు 116. అన్నీ కలిపితే మొదటి ఏడాది 13.2 లక్షలు, తర్వాత ఏటా దాదాపు 11 లక్షలు. మూడేళ్ల డిగ్రీకి 35 లక్షలు దాటుతుంది. మీకు చెప్పిన 25 లక్షలు అసలు సరిపోవు. 11 శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చినా ఆ 25 లక్షలకే ఈఎంఐ 34,400. మీకు నెలకు మిగిలేది 18 వేలు.

స్కాలర్‌షిప్ ఉంది, నిజమే. ప్రాంతీయ ప్రభుత్వాల స్కాలర్‌షిప్‌కు మీ ఇసే తగినంత తక్కువగానే ఉంది. ఊరు విడిచి చదివేవాళ్లకు ఏడాదికి సుమారు 7,000 యూరోలు, అందులోంచి హాస్టల్, భోజనం విలువ మినహాయిస్తారు. గ్యారంటీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు. నిధులు చాలని చోట అర్హుల జాబితాలో పేరుండి కూడా డబ్బు రానివాళ్లుంటారు, వాళ్లకు ఫీజు మాఫీతో సరి. వచ్చినా మొదటి విడత చేతికందేసరికి చాలాచోట్ల డిసెంబరు దాటుతుంది, అప్పటిదాకా జేబులోంచే. అన్నిటికంటే ముఖ్యం, మొదటి ఏడాది కనీసం 20 క్రెడిట్లు గడువులోగా పూర్తి చేయకపోతే స్కాలర్‌షిప్ రద్దు చేసి, ఇచ్చిన విడత కూడా వెనక్కి కట్టమంటారు.

ఆ 20 క్రెడిట్ల దగ్గరే ఈ కోర్సు మిగతా వాటికంటే ఎక్కువ రిస్కు. కంప్యూటర్ సైన్స్‌కు వెళ్లిన పిల్లలు ఇంగ్లిష్‌లో నెట్టుకొస్తారు. ఇక్కడ పాఠం, పుస్తకం, పరీక్ష అన్నీ ఇటాలియన్‌లోనే. పరీక్షలు ఎక్కువగా నోటితో చెప్పేవి, ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని ఇటలీ మహాకవి దాంతే పద్యభాగం చదివి, భావం చెప్పి, ప్రశ్నలకు జవాబివ్వాలి. ముప్పైకి పద్దెనిమిది వస్తేనే పాస్. 'లెట్టెరె' (సాహిత్యం) డిగ్రీలో చాలాచోట్ల లాటిన్ కూడా ఉంటుంది. అడ్మిషన్‌కు అడిగేది బీ2 స్థాయి (మధ్యస్థం దాటిన) భాషా సర్టిఫికెట్, అంటే సియెనావాళ్ల చిల్స్, పెరూజావాళ్ల చెలి లాంటివి. ఆ స్థాయితో ఇంటి ఓనరుతో మాట్లాడగలరు గానీ 700 ఏళ్ల నాటి కావ్యం మీద పది నిమిషాలు మాట్లాడటం కష్టం. తెలుగు పిల్లలకు ఒక సౌలభ్యం ఉంది. ఇటాలియన్ కూడా మనదిలాగే అజంత భాష, 'పాలా' అంటే పార, 'పల్లా' అంటే బంతి, ఆ ద్విత్వం మన నోటికి సహజంగా వస్తుంది. క్రియారూపాల దగ్గర మాత్రం ఓపిగ్గా కూర్చోవాలి, అక్కడ అడ్డదారి లేదు.

అందుకే నా సలహా, డిగ్రీ ఇక్కడ, మాస్టర్స్ అక్కడ. ఇటలీలో మాస్టర్స్ రెండేళ్లు, 120 క్రెడిట్లు. మొదటి ఏడాది 13.2, రెండో ఏడాది 11, మొత్తం 24.2 లక్షలు. మీ 17 లక్షల్లో 4 లక్షలు ఆరు నెలల ఇంటి ఖర్చుగా పక్కన పెట్టండి, వాటిని ముట్టుకోవద్దు. మిగిలిన 13 లక్షలకు ఇక్కడి మూడేళ్ల డిగ్రీలో నెలకు 18 వేల చొప్పున 6.5 లక్షలు, ఇటలీలో ఉన్న రెండేళ్లలో 4.3 లక్షలు కలుపుకుంటే 23.8 లక్షలు. వడ్డీ నేను లెక్కలోకి తీసుకోలేదు, ఇక్కడి కాలేజీ ఖర్చు దాంట్లో సర్దుకుంటుంది. స్కాలర్‌షిప్ వస్తే బాబు చదువుకు మిగులుతుంది, రాకపోయినా ఫ్లాటు భద్రం.

తార్నాకలోని ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) ఇటాలియన్ నేర్పుతారు. మీ ఇంటికి దగ్గరే, హాస్టల్ ఖర్చుండదు. ఈ ఏడాది ఏ స్థాయి కోర్సులున్నాయో వాళ్ల నోటిఫికేషన్‌లో చూసుకోండి. పూర్తి స్థాయి బీఏ ఆనర్స్ ఇటాలియన్ ఢిల్లీ యూనివర్సిటీలో ఉంది, సీయూఈటీ రాయాలి. అక్కడికి పంపితే గది, భోజనానికి నెలకు 12 వేలైనా పోతాయి. అప్పుడు మీ పొదుపు 6 వేలకు పడిపోయి, ఇటలీకి వెళ్లేనాటికి నాలుగు లక్షలకు పైగా తగ్గుతుంది. ఇంకో సంగతి, మాస్టర్స్ కమిటీలు డిగ్రీలో ఇటాలియన్ సాహిత్యం, భాషాశాస్త్రం ఎన్ని క్రెడిట్లు చదివారో చూస్తాయి. ఇంగ్లిష్ బీఏ చేసి పక్కన సర్టిఫికెట్ కోర్సు చేసినవాళ్లను కొన్ని కోర్సులు తీసుకోవు. సెమిస్టర్ సిలబస్‌లు సంతకం, స్టాంపుతో ఎప్పటికప్పుడు తీసి దాచమనండి.

ఫండ్లలోని 6 లక్షలు ఈక్విటీ అయితే వెళ్లే ఏడాదికి ముందే మెల్లగా ఎఫ్‌డీకి మార్చేయండి. ఏటా లక్షా పాతిక వేల దీర్ఘకాల లాభం వరకు పన్ను లేదు కాబట్టి మూడు ఆర్థిక సంవత్సరాల్లో విడదీసి అమ్మండి. ఇటలీకి పంపేటప్పుడు ఆర్థిక సంవత్సరానికి 10 లక్షలు దాటితేనే బ్యాంకు టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది (2025 ఏప్రిల్ నుంచి). సెప్టెంబరులో కొంత, ఏప్రిల్ తర్వాత కొంత, ఏ ఆర్థిక సంవత్సరంలోనూ మొత్తం ఆ గీత దాటకుండా విడదీసి పంపండి. చివర్లో రెండు మూడు లక్షలు తగ్గితే విద్యా రుణం తీసుకోండి, 7.5 లక్షల లోపు దానికి సాధారణంగా ఆస్తి తాకట్టు అడగరు. ఆ రుణం వడ్డీకి పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది, మీ వారు కొత్త విధానంలో ఉంటే దాన్ని నమ్ముకోవద్దు.

ఇక కన్సల్టెన్సీ అడిగిన 2 లక్షలు. యూనివర్సిటాలీ అనే ఇటలీ ప్రభుత్వ పోర్టల్‌లో ప్రీ-ఎన్‌రోల్‌మెంట్ ఉచితం, అమ్మాయే చేసుకోగలదు. మీకు శ్రమయ్యేది ఇసే కాగితాలకు. అక్కడ ఎక్కువమంది తప్పు చేసేది తేదీల దగ్గర. వాళ్లు అడిగేది సాధారణంగా రెండేళ్ల కిందటి జనవరి నుంచి డిసెంబరు వరకు ఆదాయం, డిసెంబరు 31 నాటి బ్యాంకు బ్యాలెన్స్. మన ఫారం 16 ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఉంటుంది. అదొక్కటే అనువాదం చేయించి పంపితే తిప్పి పంపుతారు, ఈలోగా ఆగస్టు, సెప్టెంబరు గడువు దాటిపోతుంది. అమ్మాయి మాస్టర్స్‌కు వెళ్లే సంవత్సరం లోంచి రెండు తీసేసి, ఆ క్యాలెండర్ సంవత్సరానికి నెలవారీ జీతం రాసిన లెటరు కంపెనీ నుంచి లెటర్‌హెడ్ మీద తీసుకోమనండి. ఉద్యోగం మారాక పాత కంపెనీ హెచ్‌ఆర్ చుట్టూ తిరగడం కంటే ఆ సంవత్సరం ముగియగానే వచ్చే జనవరిలో తీసుకోవడం తేలిక. ఇల్లు మీ పేరు మీద ఉంటే సేల్ డీడ్‌లో విస్తీర్ణం చదరపు మీటర్లలోకి మార్చి రాయించిన పత్రం కూడా అదే ఫైల్లో పెట్టండి.