చేట పేరు నోటికి రాకపోతే...

ప్రశ్న: మాది చిత్తూరు గిరింపేట. అమ్మకు 72 ఏళ్లు. ఎదురుగా ఉన్న చేటను చూసి 'అదే, బియ్యం చెరుగుతామే, దాన్నిట్లియ్యి' అంటోంది. మనవళ్ల పేర్లు ఒకరివొకరికి మార్చేస్తోంది. మొన్నొక క్లినిక్‌లో బొమ్మలు చూపించి పేర్లడిగితే చాలావాటికి చెప్పలేకపోయింది. డిమెన్షియా ఏమోనని ఒకటే టెన్షన్.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో 'బియ్యం చెరుగుతామే' అన్న మాట దగ్గరే నేను ఆగాను. చేట దేనికో ఆమెకు బాగా తెలుసు, పేరొక్కటే అందలేదు. ఈసారి అలా తడుముకుంటే 'చే...' అని అందించండి. వెంటనే 'చేట' అనేస్తే కొంత ధైర్యంగా ఉండొచ్చు. పెద్ద వయసులో మాటలు, అందులోనూ మనుషుల పేర్లు, నోటిదాకా వచ్చి ఆగిపోవడం మామూలే.

నాకు భయం వేసేది ఇంకో రకం మరుపు. తిరుపతిలో స్పీచ్ థెరపిస్టుగా నేను చూసిన ఒక పెద్దావిడ తిరగలి బొమ్మ చూసి 'ఇదేంది, దేనికి?' అని అడిగింది. ఏళ్ల తరబడి రాగులు విసిరిన చేతులవి. 'తి...' అని అందించినా గుర్తు రాలేదు. అలాంటిది కనిపించినా, అడిగిందే పదే పదే అడుగుతున్నా ఆలస్యం చేయొద్దు.

ఇక బొమ్మల పరీక్ష. బోస్టన్ నేమింగ్ టెస్ట్‌లో 60 బొమ్మలుంటాయి. వాటిలో ఇగ్లూ (మంచుతో కట్టిన ఇల్లు), ప్రెట్‌జెల్ (ముడి వేసినట్టుండే విదేశీ రొట్టె) కూడా ఉన్నాయి. గిరింపేట అవ్వ ప్రెట్‌జెల్ ఎక్కడ చూసి ఉంటుంది? మీ అమ్మకు ఏ బొమ్మలు చూపించారో కనుక్కోండి. అప్పుడు కళ్లద్దాలు పెట్టుకుందా? ఎంతవరకు చదువుకుంది? ఇవన్నీ మార్కుల్ని మార్చేస్తాయి. ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో కూడా మేం అడుగుతాం. డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్‌లో, ఒక అక్షరంతో మొదలయ్యే మాటల కన్నా ఈ జంతువుల పేర్లే ఎక్కువ తగ్గుతాయి. మీ వైపు ఇళ్లలో అరవం కలుస్తుంది కదా, మేకను 'ఆడు' అన్నా నేను లెక్కలో వేసుకుంటాను.

ఒక్క పరీక్ష చూసి జబ్బని తేల్చకూడదు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి న్యూరాలజీ (మెదడు, నరాల విభాగం) ఓపీలో ఒకసారి చూపించండి. బి12, థైరాయిడ్ రక్తపరీక్షల గురించి అడగండి. ఆ లోపాల వల్లా, మనసులో దిగులు వల్లా వచ్చే మరుపుకు వైద్యం ఉంది. చెవులు సరిగా వినిపిస్తున్నాయో లేదో కూడా చూపించండి.

ఇంట్లో పిల్లల ముందు 'ఇదేంటో చెప్పు' అని మాత్రం ఆమెను పరీక్షించకండి, చిన్నబోతుంది. ఏ రోజు ఏ మాట దగ్గర ఆగిందో, అందిస్తే వచ్చిందో లేదో నోట్‌బుక్‌లో రాసి, డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు తీసుకెళ్లండి.