మేడం మాట కాదనలేక

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు. ఎమ్మెస్సీ నర్సింగ్ చేసి, తిరుపతి దగ్గర ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో తొమ్మిదేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. పొద్దున ఏడింటికే పిల్లలతో ఆస్పత్రికి క్లినికల్ పోస్టింగు. నలభై మందికి నేనొక్కదాన్నే. మధ్యాహ్నం క్లాసులు, రాత్రి ఇంట్లో కేర్ ప్లాన్లు, రికార్డులు దిద్దడం. ఇద్దరు లెక్చరర్లు మానేసి ఏడాదైంది, వాళ్ళ సబ్జెక్టులూ నాకే వచ్చాయి. ప్రిన్సిపల్ మేడం నాకు బీయస్సీలో చదువు చెప్పిన గురువు. నాన్న పోయిన ఏడాది నా ఫీజు ఆమే కట్టారు. రాత్రి పదింటికి ఫోన్ చేసి, 'నువ్వు నా కూతురివమ్మా, నువ్వు లేకపోతే ఈ కాలేజీ లేదు' అంటారు. కాదనలేను. పోయిన నెల వార్డులో ఫస్టియర్ అమ్మాయి బీపీ రెండుసార్లు తప్పు చెబితే పేషెంట్ల ముందే అరిచేశాను. ఆ పిల్ల వాళ్ళ ఊరు పలమనేరు వెళ్ళిపోయింది, ఇంకా రాలేదు. పిల్లల మొహాలు చూస్తేనే విసుగు. ఇన్నేళ్ళు చెప్పి ఏం సాధించానా అనిపిస్తోంది. స్టాఫ్ నర్సుగా జర్మనీ వెళ్ళిపోనా? ఇంటి లోను ఉంది, తొందరపడొద్దని మావారు అంటున్నారు. పోనీ, టెన్షన్ తగ్గడానికి ధ్యానం లాంటిది చెబుతారా?
ఒక చెల్లెలు, తిరుపతి

జవాబు: జర్మనీ సంగతి ముందు తేల్చేద్దాం, దానికి ఎంతోసేపు పట్టదు. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా జర్మన్ భాష బీ2 స్థాయి దాకా, అంటే తడుముకోకుండా మాట్లాడేదాకా నేర్చుకోవాలి. రాత్రిళ్ళు రికార్డుల ముందు కూర్చునే మనిషికి ఆ చదువు ఎప్పుడు కుదురుతుంది? ఇష్టపడి వెళ్ళి బాగుపడ్డవాళ్ళు ఉన్నారు, కాదనను. మీ ఉత్తరం చదివితే మాత్రం, మేడం ఫోన్ అందని ఊరు ఏదైనా మీకు చాలనిపిస్తోంది. శ్రీకాళహస్తి అయినా సరే.

ధ్యానం చేసుకోండి, మంచిదే. అయితే ఎంత ధ్యానం చేసినా నలభై మంది పిల్లలు పదిమంది కారు. బీయస్సీ నర్సింగులో పదిమంది విద్యార్థులకు ఒక టీచరు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిలే చెబుతోంది. ఇది మీకు నేను చెప్పాలా? ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు ఆ ఫైళ్ళన్నీ సర్దేది ఎవరో నాకు తెలియనిది కాదు. పైగా 2021-22 నుంచి సెమిస్టర్ పద్ధతి వచ్చింది. ఒక బ్యాచ్ ఇంటర్నల్స్ అయ్యాయనుకునేలోపు ఇంకో బ్యాచ్ ప్రాక్టికల్స్ వచ్చి కూర్చుంటాయి. ఇద్దరు మానేసిన చోట ఇద్దరిని పెట్టుకోకుండా ఏడాది గడిచిందంటే, పెట్టుకోవాల్సిన అవసరం కాలేజీవాళ్ళకు కనిపించలేదు. మీరు ఉన్నారు కదా!

ఈ అలసటకు బర్నౌట్ అని పేరుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన జబ్బుల జాబితా కొత్త కూర్పులో దీన్ని వివరించినప్పుడు జబ్బు అనలేదు. పనిచేసే చోట ఒత్తిడిని సరిదిద్దకుండా వదిలేస్తే వచ్చే స్థితి అంది. గుర్తులు మూడు చెప్పింది: ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద మనసు విరిగి చేదు పుట్టడం, చేసేదాంట్లో పస లేదనిపించడం. మూడూ మీరే రాశారు. కాబట్టి మీకేదో లోపం ఉందని, మనసు గట్టిది కాదని మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఇవాళ్టితో ఆపండి.

ఇక అసలు మనిషి దగ్గరికి వద్దాం. మేడం మీకు ఫీజు కట్టారు. గొప్ప పని. ఆ ఏడాది ఆమె చెయ్యి అడ్డం పెట్టకపోతే మీ చదువు ఆగిపోయేది, అది మరిచిపోతే మనిషి జన్మే కాదు. పండక్కి వెళ్ళి కాళ్ళకు దండం పెట్టండి. ఆమెకు ఒంట్లో బాగాలేకపోతే రాత్రంతా పక్కన కూర్చోండి. అదంతా గురువుకు. ఖాళీగా ఉన్న రెండు పోస్టుల చాకిరీ మాత్రం గురుదక్షిణ లెక్కలోకి రాదు. దాని లాభం కాలేజీ యాజమాన్యానికి పోతోంది, ఆమెకు కూడా కాదు. కూతురివి అంటున్నారే, ఏ తల్లి అయినా రాత్రి పదింటికి ఫోన్ చేస్తే ముందు 'తిన్నావా' అని అడుగుతుంది. మేడం ఎన్నిసార్లు అడిగారో గుర్తు చేసుకోండి. ఆమె చెడ్డదని నేను అనడం లేదు. పైనుంచి ఆమెకూ ఒత్తిడి ఉంటుంది. కాదనని మనిషి ఒకరు దొరికితే ఎవరైనా అక్కడే బరువు దించుతారు. నేనూ దించేదాన్నేమో.

మన తిరుపతి గంగమ్మ జాతరలో వేషం కట్టినవాళ్ళు ఎదుటివాళ్ళను ఎంత మాట అన్నా ఎవరూ కోపం తెచ్చుకోరు. ఏడాదంతా కడుపులో దాచుకున్నది ఆ జాతర రోజుల్లో బయటికి పోవాలని పెద్దవాళ్ళు పెట్టుకున్న ఏర్పాటని నా నమ్మకం. మీకు ఆ ఏర్పాటు లేదు. మేడం మీద ఏడాదిగా దాచుకున్న కోపం, బీపీ తప్పు చెప్పిన పద్ధెనిమిదేళ్ళ పిల్ల మీద పడింది. మీ ఉత్తరంలో నాకు కోపం వచ్చిన చోటు ఇదొక్కటే. పలమనేరు నుంచి హాస్టల్‌కు వచ్చిన పిల్ల, ఇంటి దగ్గర ఎన్ని మాటలు పడి చదువుకొస్తోందో. మీరు పేషెంట్ల ముందు అరిచారు, ఆ పిల్ల నెల రోజులుగా క్లాసుకు రాలేదు. అటెండెన్స్ పోతే పరీక్ష పోతుంది.

సోమవారం ఒక కాగితం రాయండి. రాజీనామా కాదు. మీ దగ్గర ఎంతమంది పిల్లలున్నారు, ఎన్ని సబ్జెక్టులు చెబుతున్నారు, ఎప్పటినుంచి అన్నది తేదీలతో ఒక పేజీ. ఫలానా తేదీలోపు ఇద్దరిని తీసుకోకపోతే అదనపు సబ్జెక్టులు వదిలేస్తానని చివర రాయండి. మేడంకు చేతికివ్వండి, ఒక కాపీ మీద సంతకం తీసుకోండి. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు, 'నువ్వు కూడానా' అంటారు. అననివ్వండి. మీరూ ఏడిస్తే ఏడవండి, కాగితం మాత్రం వెనక్కి తీసుకోకండి. రాత్రి ఎనిమిది దాటాక ఫోన్ ఎత్తకండి. మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలో పెట్టుకున్నారేమో రాయలేదు. పెట్టుకుని ఉంటే ముందు అవి తెచ్చుకోండి, కాగితం సంగతి ఆ తర్వాత.

మీవారితో లోను గురించి వాదించొద్దు, ఆయన చెప్పింది నిజమే. మీరిప్పుడు ఉద్యోగం మానడం లేదని చెప్పి, సాయంత్రాలు ఇంటి పని ఆయన చూడాలని చెప్పండి. అడగడం కాదు, చెప్పడం. నిద్ర పట్టకపోయినా, బతుకు మీదే విసుగు పుట్టినా ఒక్కరోజు కూడా ఆగకుండా 14416కు ఫోన్ చేయండి. మనసు బాగాలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ అది, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

ఈ ఆదివారమే పలమనేరు వెళ్ళండి. ఫోన్‌లో అయ్యేది కాదు. ఆ అమ్మాయి అమ్మానాన్నల ముందు, మీరు అరిచినంత గట్టిగా కాకపోయినా వాళ్ళకు వినపడేలా, తప్పు నాదని చెప్పండి. టీచరు పిల్లకు సారీ చెబితే పరువు పోతుందని మీ స్టాఫ్ రూములో ఎవరైనా అంటే విని ఊరుకోండి. ఆ పిల్లను సోమవారం మీతోపాటు బస్సెక్కించి తెచ్చుకోగలిగితే మరీ మంచిది. మీకు ఒకరు ఫీజు కట్టి చదువు నిలబెట్టారు, మీరు బస్సు టికెట్ కొంటే సరిపోతుంది.

పోయేటప్పుడు దిద్దాల్సిన రికార్డులు సంచిలో పెట్టుకోకండి. కిటికీ పక్క సీటు చూసుకుని కూర్చోండి.